చేతిలో పట్టేది ఒక్క బంతే

1993 నవంబరు 15వ తేదీ. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక వ్యాయామశాల. 71 ఏళ్ల పెద్దాయన ఒకరు బాస్కెట్‌బాల్ చేతపట్టుకొని ఫ్రీ త్రో గీత వెనుక నిలబడ్డారు. బంతిని మూడుసార్లు నేలకు కొట్టారు. మోకాళ్లు కొద్దిగా వంచి, రింగు వైపు చూసి వేశారు. పడింది. మళ్లీ వేశారు. మళ్లీ పడింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. పన్నెండు గంటల తరువాత లెక్క చూస్తే వరుసగా 2,750 బంతులు ఒక్కటీ తప్పకుండా రింగులో పడ్డాయి. గురి తప్పి ఆయన ఆగలేదు. వ్యాయామశాల మూసే వేళ అయిందన్నారు కనుక ఆగారు.

ఆయన పేరు డాక్టర్ టామ్ యాంబెరీ. పాదాల వైద్యుడిగా దాదాపు నలభై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. యువకుడిగా ఉన్నప్పుడు ఆరడుగుల ఏడంగుళాల పొడవుతో మంచి ఆటగాడనిపించుకున్నారు. మిన్నియాపోలిస్ లేకర్స్ అనే పెద్ద జట్టు పిలిచినా, ఆట వదులుకొని వైద్యవిద్య వైపు వెళ్లారు. ఉద్యోగ జీవితమంతా ముగిశాక, అందరూ పడక కుర్చీ వెతుక్కునే వయసులో, మళ్లీ బంతి పట్టుకున్నారు. రోజుకు 500 బంతుల చొప్పున సాధన చేశారు.

ఈ కథ మాకు చెప్పింది మా చర్చి వెనుక ఉన్న హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఆయన చెప్పడానికి ఒక కారణముంది. అప్పటికే మేము ముగ్గురం ఆ స్కూలు గ్రౌండులో నవ్వులపాలవుతూ ఉన్నాం.

ముగ్గురం, ఒక పందెం

ఆ ముగ్గురిలో ఒకరు సంఘ కాపరి, యాభై దాటిన మనిషి, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఈ వ్యాసం రాస్తున్నది ఆయనే. రెండోవారు లెక్కల మాస్టారు. ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు, ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెప్పి రిటైరైనవారు. మూడోవారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మా సిస్టరమ్మ. ఆమెకు 66 ఏళ్లు.

క్రిస్మస్ పండుగ ముగిశాక పందిరి విప్పిస్తూ గ్రౌండులో నిలబడి ఉండగా, ఒక పిల్లవాడు విసిరిన బంతి సిస్టరమ్మ కాళ్ల దగ్గరకు దొర్లి వచ్చింది. ఆమె చీర కొంగు నడుముకు చుట్టి, ఆ బంతిని గీత మీద నుంచి రింగులోకి వేసింది. ఒక్క వేటుకే పడింది. పిల్లలు కేకలు వేశారు. "నర్సింగు స్కూల్లో మా జట్టుకు కెప్టెన్ని నేనే అయ్యగారూ. ఇది నలభై అయిదేళ్ల కిందటి చెయ్యి" అంది. మాస్టారు చాలా నెలల తరువాత ఆ రోజు నవ్వారు.

చాలా నెలల తరువాత అని ఎందుకంటున్నామంటే, అంతకు ముందు సంవత్సరమే ఆయన భార్య ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఆయన ఆదివారం బడికి రావడం మానేశారు. ఆరాధనకు వచ్చి చివరి బెంచీ మీద కూర్చునేవారు. దీవెన పూర్తికాకముందే వెళ్లిపోయేవారు. ఇంటికి వెళ్లి ప్రార్థన చేసిన ప్రతిసారీ ఒకే మాట: "ఇంకేముంది అయ్యగారూ, పిలుపు కోసం కూర్చోవడమే."

అందుకే ఆ రోజు ఆయన నవ్వును చూసి పందెం కాశాం. ముగ్గురిలో ఎవరు ముందుగా వరుసగా పది ఫ్రీ త్రోలు వేస్తే వారికి మిగతా ఇద్దరూ భోజనం పెట్టాలి. మాస్టారు ఒప్పుకోవడానికి వారం పట్టింది.

పదికి ఇంత కష్టమా?

ఫ్రీ త్రో గీతకూ బోర్డుకూ మధ్య దూరం 15 అడుగులు. రింగు ఎత్తు 10 అడుగులు. రింగు వెడల్పు 18 అంగుళాలు, బంతి వెడల్పు తొమ్మిదిన్నర అంగుళాలకు కొంచెం అటూ ఇటూ. అంటే దాదాపు రెండు బంతులు పక్కపక్కన పట్టేంత చోటుంది. ఎదుట అడ్డుకునేవారు లేరు. పరుగెత్తనక్కర లేదు, ఎగరనక్కర లేదు. ముసలి మోకాళ్లకు ఇంతకంటే అనువైన ఆట ఏముంటుంది?

అయినా మొదటి వారంలో కాపరిగారి బంతి రింగును తాకడమే గొప్ప అయింది. మాస్టారిది బోర్డు పైనుంచి వెళ్లి ముళ్లకంపలో పడింది. పిల్లలు వరుసగా నిలబడి చూసేవారు. సంఘ పెద్దల్లో ఒకరు, "ఈ వయసులో ఆటలేమిటండీ, చూసేవాళ్లేమనుకుంటారు?" అని మెల్లగా అడిగారు కూడా.

సిస్టరమ్మ మాత్రం ఆటను వైద్యంలాగే మొదలుపెట్టించింది. ముందు మా ఇద్దరి బి.పి. చూసింది. డాక్టరుకు చూపించుకొని రమ్మంది. చెప్పులతో ఆడొద్దు, బూట్లు వేసుకోండంది. పది నిమిషాలు నడిస్తేనే బంతి చేతికిస్తానంది. షుగరున్నవారి జేబులో రెండు బిస్కెట్లు ఉండి తీరాలంది. ఛాతీలో గానీ ఎడమ భుజంలో గానీ ఏమాత్రం నొప్పి అనిపించినా బంతి కింద పెట్టేయాలంది. పెద్దవయసులో ఇలాంటి ఆట మొదలుపెట్టాలనుకునే ప్రతివారూ ఆమె మాట వినడం మంచిది.

ఈ ఆట పుట్టింది ఎవరి చేతుల్లో?

ఆటలేమిటని అడిగిన ఆ పెద్దకు మేము ఒక కథ చెప్పాం. అది ఇక్కడా చెప్పుకోదగ్గదే.

బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కెనడా దేశస్థుడు. వేదాంత విద్యార్థి. 1890లో మాంట్రియల్‌లోని ప్రెస్బిటేరియన్ కళాశాలలో వేదాంత విద్య పూర్తిచేశారు. చదువుకునే రోజుల్లో ఆటలాడి, దెబ్బలకు కమిలిన కళ్లతోనే ప్రసంగవేదిక ఎక్కిన మనిషి. మనిషికి మేలు చేయడానికి ప్రసంగవేదిక ఒక్కటే దారి కాదనీ, ఆటస్థలంలో కూడా యువకుల నడవడిక దిద్దవచ్చనీ నమ్మి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వైఎంసిఎ శిక్షణ పాఠశాలకు వెళ్లారు.

1891 డిసెంబరు. బయట చలి. లోపల 18 మంది యువకులు కసరత్తులతో విసిగిపోయి ఉన్నారు. వారికోసం లోపలే ఆడుకునే ఆట ఒకటి కావాలి. నైస్మిత్ చదరపు పెట్టెలు రెండు కావాలని అక్కడి కాపలా ఉద్యోగిని అడిగితే, పెట్టెలు లేవంటూ పీచుపండ్ల బుట్టలు రెండు తెచ్చి ఇచ్చాడు. వాటిని బాల్కనీ కమ్మీకి బిగించారు. ఆ కమ్మీ నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంది. ఈనాటికీ రింగు ఎత్తు అదే. పదమూడు నియమాలు రాసి గోడకు అంటించారు. ఆట పుట్టింది.

నైస్మిత్ తరువాత వైద్యవిద్య కూడా చదివారు. 1916లో ప్రెస్బిటేరియన్ పాదిరిగా అభిషేకం పొందారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో తన ఆటకు తొలిసారి చోటు దొరికినప్పుడు 74 ఏళ్ల వయసులో అక్కడుండి కళ్లారా చూశారు. ఇందులో చిత్రమేమిటంటే, కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఆయన శిక్షణ ఇచ్చిన జట్టు గెలిచిన ఆటలకన్నా ఓడినవే ఎక్కువ. ఆటను పుట్టించినవాడి ఖాతాలో ఓటములే ఎక్కువున్నాయి! దానికి ఆయన కుంగిపోలేదు.

మనదేశానికి ఈ ఆట చేరడంలో కూడా వైఎంసిఎ చెయ్యి ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసిఎ వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. అక్కడ తర్ఫీదు పొందిన ఎందరో డ్రిల్లు మాస్టార్లు దక్షిణాది బడులకు వెళ్లారు. మన పాత మిషన్ స్కూళ్ల ఆవరణల్లో తుప్పుపట్టిన రింగుతో ఒక స్తంభం కనబడితే, దాని వెనుక ఇంత కథ ఉందన్నమాట. ఇదంతా విని ఆ పెద్ద నవ్వి, "అయితే ఆ రింగుకు రంగు నేను వేయిస్తాను" అన్నారు. వేయించారు.

మాస్టారి లెక్క

లెక్కల మాస్టారు ఊరికే ఆడగలరా? ఒక చిన్న నోటుపుస్తకం తెచ్చుకున్నారు. ఒకరోజు అందులో లెక్క వేసి చూపించారు. వేసిన బంతుల్లో సగం పడే చేతికి, వరుసగా పది పడే అవకాశం 1,024లో ఒక్కసారి. నూటికి 75 పడే చేతికి దాదాపు 18లో ఒకసారి. నూటికి 90 పడే చేతికైతే మూడింట ఒకసారి. "మనం సగం దగ్గర కూడా లేము అయ్యగారూ, మనకు భోజనం దొరకదు" అన్నారు.

ఆ తరువాత యాంబెరీ లెక్క తీశారు. నూటికి 99 బంతులు వేయగల మనిషి ఉన్నాడనుకుందాం. అతడు వరుసగా 2,750 వేసే అవకాశం సుమారు లక్ష కోట్లలో ఒక వంతు! మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చూశారు. "నూటికి ఒక్కటి తప్పే మనిషికి కూడా ఇది సాధ్యం కాదు. మరి ఆయనెలా వేశాడు?"

జవాబు యాంబెరీ నేర్పిన పద్ధతిలో ఉంది. ఆయన దానిని ఏడు మెట్లుగా చెప్పి 1996లో పుస్తకం కూడా వెలువరించారు. పాదాలు గీతకు సమంగా పెట్టుకోవాలి. బంతిలో గాలి నింపే రంధ్రం పైకి కనబడేలా పట్టి మూడుసార్లు నేలకు కొట్టాలి. బొటనవేలు బంతి మీది గాడిలో ఉంచాలి. మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టాలి. మోకాళ్లు వంచాలి. చూపు రింగు మీద నిలపాలి. వేశాక కూడా చెయ్యి గురి వైపే చాచి ఉంచాలి. ప్రతి బంతికీ ఇదే వరుస. మొదటి బంతికీ, రెండువేల బంతికీ తేడా లేదు. ఆ కొద్ది క్షణాలు మనసులో ఆ బంతి తప్ప ఇంకేమీ ఉండకూడదన్నది ఆయన బోధ. పన్నెండు గంటల్లో 2,750 అంటే సగటున 16 సెకన్లకు ఒకటి. ఆయన 2,750 మీద గురిపెట్టి ఉంటే మొదటి గంటలోనే అలసిపోయేవారు. ఆయన వేసింది ఒకే ఒక్క బంతిని. దానినే 2,750 సార్లు వేశారు.

తప్పిన బంతులు

మాస్టారి నోటుపుస్తకంలో ఇంకో సంగతి మేము ఆలస్యంగా గమనించాం. ఆయన పడిన బంతులు రాయడం లేదు. తప్పినవే రాస్తున్నారు. ఒక్కొక్క దాని ఎదురుగా కారణం కూడా ఉంది. మోచెయ్యి పక్కకు పోయింది, తొందరపడ్డాను, చూపు కదిలింది. పేజీలకు పేజీలు. ఆటలో కూడా అదే కనబడేది. ఆయనకు ఒక బంతి తప్పితే, దాని వెంట మూడు నాలుగు తప్పేవి.

ఒక సాయంత్రం నాలుగు వరుసగా పడ్డాయి. అయిదోది రింగు అంచున తిరిగి బయటకు జారింది. మాస్టారు బంతి అందుకోలేదు. గీత మీదే నిలబడి, బంతి జారిన చోటునే చూస్తూ, "ఒక్కరోజు ముందు తీసుకెళ్లి ఉంటే బతికేది" అన్నారు.

ఆట సంగతి కాదని మాకు అర్థమైంది. ఆయన భార్యకు జ్వరం వచ్చిన మొదటి రోజు, పరీక్ష పేపర్లు దిద్దే పని మీద ఉండి, రేపు వెళదాంలే అన్నారట. మరునాడు ఆసుపత్రికి చేరేసరికి పరిస్థితి చెయ్యి దాటింది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. కాపరిమైన మాకు కూడా చెప్పలేదు. ఏడాదిపాటు ఆయన ఇంట్లో మోకరించి ప్రార్థన చేసి వచ్చాం గానీ, లోపల ఏముందో అడగనే లేదు. ఇది మా తప్పు. ఒప్పుకుంటున్నాం.

ఏం చెప్పాలో మాకు తోచలేదు. వేదాంత కళాశాలలో నేర్చుకున్న మాటలేవీ ఆ గీత మీద నిలబడిన మనిషికి సరిపోయేవిగా కనబడలేదు. సిస్టరమ్మ వెళ్లి బంతి తెచ్చింది. నలభై ఏళ్లు రోగుల మంచాల పక్కన నిలబడిన మనిషి ఆమె.

"మాస్టారూ, ఆ రోజు మీకు తెలిసింది జ్వరమనే. మామూలు జ్వరమనుకున్నారు. నేనైనా అదే అనుకునేదాన్ని, నర్సునై ఉండి కూడా. ఒక్కరోజు ముందైతే ఏమయ్యేదో నేను చెప్పలేను, డాక్టరు చెప్పలేడు, మీరు కూడా చెప్పలేరు. అది దేవుడికి ఇచ్చేయండి. పోయిన బంతిని పట్టుకొని ఈ బంతిని ఎలా వేస్తారండీ? చేతిలో పట్టేది ఒక్క బంతే."

ఆయన చాలాసేపు నిలబడ్డారు. ఏడ్చారు కూడా. తరువాత బంతి అందుకొని వేశారు. పడలేదు. ఇంకొకటి వేశారు. అది పడింది. ఆ రోజుకు చాలన్నారు. ముగ్గురం గ్రౌండు గట్టు మీద కూర్చొని చీకటి పడేదాకా మౌనంగా ఉన్నాం. మా సంఘంలో ఇటీవల జరిగిన ప్రార్థనల్లో అది ఒకటని మా నమ్మకం.

గురి ఎందుకు కావాలి?

పెద్దవయసులో గురి ఎందుకని చాలామంది అడుగుతారు. రికార్డు కోసమైతే అది నిలిచేది కాదు. 1977లో టెడ్ సెయింట్ మార్టిన్ వరుసగా 2,036 ఫ్రీ త్రోలు వేశారు. యాంబెరీ దానిని దాటారు. 1996 ఏప్రిల్‌లో సెయింట్ మార్టినే దాదాపు అరవై ఏళ్ల వయసులో, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, ఏడు గంటల ఇరవై నిమిషాల్లో 5,221 వేసి యాంబెరీని దాటారు. రెండున్నరేళ్లు తిరగకుండానే పాత అంకె చెరిగిపోయింది. యాంబెరీ అంతటితో బంతి పక్కన పడేయలేదు. నేర్చుకున్నది ఇతర ఆటగాళ్లకు నేర్పారు. 94 ఏళ్లు జీవించి 2017లో కన్నుమూశారు.

కాబట్టి గురి విలువ అంకెలో లేదు. రేపు సాయంత్రం బయటకు వచ్చేందుకు ఒక కారణం ఉండటంలో ఉంది. ఉద్యోగం పోయాక, పిల్లలు దూరమయ్యాక, తోడు వెళ్లిపోయాక మనిషికి ముందుగా పోయేది ఆ కారణమే. కాళ్లలో బలం ఆ తరువాత పోతుంది.

కాలేబును గుర్తు చేసుకోండి. నలభై ఏళ్ల వయసులో వేగువాడిగా వెళ్లినవాడు. నలభై అయిదేళ్లు ఎదురుచూశాడు. ఎనభై అయిదేళ్లకు యెహోషువ దగ్గరకు వచ్చి ఆయన అడిగింది విశ్రాంతి కోసం నీడ కాదు, కొండ. ఆ కొండమీద బలమైన శత్రువులున్నారని తెలిసి కూడా దానినే కోరాడు. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసినప్పుడు బంధకాల్లో ఉన్నాడు. అయినా తన వెనుక మిగిలినదాన్ని కాక, తన ముందున్న గురినే తలచుకున్నాడు. సంఘాన్ని హింసించిన గతం ఆయనకు తెలియనిది కాదు. దానిని దాచలేదు, అలాగని మోస్తూ కూర్చోలేదు.

మరచిపోవడం వేరు, విడిచిపెట్టడం వేరు. మాస్టారు తన భార్యను మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా. ఆమె పేరు చెప్పి తనను తాను శిక్షించుకోవడం విడిచిపెట్టారు.

ఇప్పటి సంగతి

పందెం ఎవరు గెలిచారని పాఠకులు అడుగుతారు. నాలుగో నెలలో సిస్టరమ్మ వరుసగా పదకొండు వేసింది. ఇద్దరం కలిసి భోజనం పెట్టాం. మాస్టారు కోడి కూర తనే వండారు. ఉప్పు ఎక్కువైంది, ఎవరమూ అనలేదు. కాపరిగారి లెక్క ఇప్పటికి ఆరు. షుగరు కొంచెం దిగిందని డాక్టరు చెప్పారు గానీ, మాత్రలు మానవద్దని కూడా గట్టిగా చెప్పారు. మాస్టారి లెక్క ఎనిమిది. పది ఇంకా రాలేదు.

బంతులు ఏరి ఇచ్చే పిల్లల్లో ఒక అమ్మాయి, ఆ 1,024 ఎలా వచ్చిందని మాస్టారిని అడిగింది. ఆయన పుల్ల తీసుకొని గ్రౌండు మట్టిలో పది రెళ్లను వరుసగా రాసి గుణించి చూపించారు. మరునాడు నలుగురు వచ్చారు. తరువాతి ఆదివారం ఆయన చివరి బెంచీ మీద లేరు. చూస్తే వసారాలో పిల్లల మధ్య కూర్చొని దావీదు కథ చెబుతున్నారు.

మీ సంఘంలో కూడా చివరి బెంచీ మీద ఇలాంటివారు ఒకరుంటారు. మీరే అయి ఉండవచ్చు. మీది బంతి కాకపోవచ్చు. ఆగిపోయిన హార్మోనియం కావచ్చు, సగంలో వదిలిన చదువు కావచ్చు, తోటలో వేయాలనుకున్న మొక్క కావచ్చు. చిన్న గురి ఒకటి పెట్టుకోండి. ఒంటరిగా వద్దు, ఇద్దరు ముగ్గురిని కలుపుకోండి. ఎవరైనా చాలా రోజులుగా మౌనంగా ఉంటే, ప్రార్థనకు ముందు ఏమైందని అడగండి. మేము ఆలస్యంగా నేర్చుకున్నది మీరు ముందే నేర్చుకోండి.

నిన్న సాయంత్రం మాస్టారి నోటుపుస్తకం గట్టు మీద తెరిచి ఉంటే చూశాం. తప్పిన వాటి లెక్క ఎక్కడా లేదు. తేదీ వేసి, కింద పడిన వాటి సంఖ్య ఒక్కటే రాసి ఉంది. రేపు అయిదున్నరకు మళ్లీ కలుస్తున్నాం.